నరాల జబ్బుల కరెంటు పెట్టె: మరమ్మతు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

పెట్టె బెంచీ మీదికి చేరింది. మహాగని చెక్క, పొడవు 25 సెంటీమీటర్లకు కాస్త పైన, వెడల్పూ ఎత్తూ 12 లోపే. మూత ఎత్తితే లోపలివైపు అతికించిన కాగితం పసుపుబారి ఉంది. దాని మీద పెద్దక్షరాల్లో ‘ఇంప్రూవ్డ్ మాగ్నెటో ఎలక్ట్రిక్ మెషీన్ ఫర్ నెర్వస్ డిసీజెస్’ అని అచ్చువేసి ఉంది. నరాల జబ్బులకు కరెంటు పెట్టే యంత్రం అన్నమాట. తయారుచేసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. అమెరికాలో ఆరి డేవిస్ అనే ఆయన 1854లో ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. ‘డేవిస్ అండ్ కిడర్’ పేరుతో ఆ పెట్టెలు అక్కడ బాగా అమ్ముడుపోయాయి. ఇంగ్లండులో అదే పద్ధతిలో పేరూ ఊరూ లేకుండా తయారైనవి 19వ శతాబ్దం రెండో సగంలో విరివిగా దొరికేవి. నాది ఆ కోవలోది.

యార్క్‌షైర్‌లో మేముండే ఊరి దగ్గర ఒక కార్ బూట్ సేల్‌లో, అంటే జనం కార్ల డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్మే సంతలో దొరికింది. ఆసుపత్రి పరికరాలు బాగుచేయడం నా ఉద్యోగం. నరాలకు కరెంటిచ్చే మిషన్లు వారం వారం నా చేతుల మీదుగా పోతుంటాయి. వాటి ముత్తాత కంటబడితే వదిలి రాబుద్ధి కాలేదు.

పెట్టుకున్న పని ఇది: యంత్రం తిరగాలి, కరెంటు పుట్టాలి, ఆ కరెంటును కొలవాలి. చివరిదే నాకు ముఖ్యం. మ్యూజియంలలో అద్దాల వెనక ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఆ రోజుల్లో అన్ని రోగాలకూ వాడేవారని కింద చీటీ ఉంటుంది. కానీ రోగి చేతిలోకి ఎంత కరెంటు వెళ్లేది? ఎంతసేపు? సెకనుకు ఎన్నిసార్లు? ఇవి తెలియకుండా ఈ వైద్యాన్ని మెచ్చుకోవడానికీ లేదు, తిట్టిపోయడానికీ లేదు.

లోపలి అమరిక చూస్తే ముచ్చటేస్తుంది. ఒక పక్క గుర్రపు లాడం ఆకారంలో మందపాటి ఉక్కు అయస్కాంతం పడుకోబెట్టి ఉంది. దాని రెండు కొసల ఎదురుగా, ఒకే ఇరుసు మీద పక్కపక్కన రెండు కాయిల్స్. తీగకు చుట్టిన పట్టు ఒకప్పుడు ఆకుపచ్చ రంగేమో, ఇప్పుడు మట్టిరంగుకు తిరిగింది. ఇరుసుకు చిన్న కప్పీ, దానికి దూరంగా పెద్ద ఇత్తడి చక్రం. రెంటినీ కలిపే దారం బెల్టు పొడిపొడిగా రాలిపోయి అడుగున పడి ఉంది. పెట్టె బయట తిప్పే హ్యాండిల్. రోగి పట్టుకోవాల్సిన ఇత్తడి గొట్టాలు రెండూ ఉన్నాయి. వాటి తీగలు మాత్రం ముట్టుకుంటే తెగేలా ఉన్నాయి.

ఫిబ్రవరి, రెండో వారం: లేబుల్

ముందు కాగితం సంగతి చూశాను. ఇనుమూ ఇత్తడీ ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు, ఆ కాగితం చిరిగితే మళ్లీ రాదు. పక్క నుంచి లైటు వేసి ఫోటోలు తీశాను. లేచిపోయిన అంచుల కింద సన్నని జపాన్ కాగితం ముక్కలు పెట్టి, గోధుమ పిండి జిగురు పల్చగా రాసి అతికించాను. రేపు ఎవరికైనా ఊడదీయాలనిపిస్తే కాస్త తడితో ఊడివస్తుంది. ఫెవికాల్ లాంటిది వాడితే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక అందులో ఉన్న మాటలు. ఇలాంటి పెట్టెల్లో దాదాపు ఇదే పాఠం కనిపిస్తుంది. రెండు తీగల్నీ పెట్టె కొసలనున్న రంధ్రాల్లో గుచ్చమంటుంది. అవతలి కొసల గొట్టాల్ని ఒంటి మీద కావలసిన చోట పెట్టి హ్యాండిల్ తిప్పమంటుంది. కరెంటు బలాన్ని తిప్పే వేగంతోనూ, పెట్టె చివర ఉన్న గుండీతోనూ అదుపు చేయాలట. రోగికి హాయిగా ఉన్నంతవరకే పెంచాలట. గొట్టాల కొసల్లో తడి స్పాంజీలు పెడితే ఇబ్బంది తగ్గుతుందనీ, ఆ తడి స్పాంజీల్ని పెట్టెలో పెట్టి మూయకూడదనీ, పెడితే తుప్పు పడుతుందనీ ఉంది. పంటి పోటుకీ ముఖం నరాల నొప్పికీ అయితే వైద్యం చేసే మనిషి ఒక గొట్టం తన చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లను నొప్పి ఉన్నచోట ఆనించాలి. రోగి ఇంకో గొట్టం పట్టుకోవాలి. అంటే కరెంటు ఇద్దరి ఒంట్లోంచీ పోతుంది. కాలికైతే నీళ్ల తొట్టిలో కాలూ గొట్టమూ కలిపి ఉంచాలి. చివరగా, బేరింగులకీ స్ప్రింగుకీ అప్పుడప్పుడు నూనె వేయమని సలహా.

యంత్రాన్ని ఎలా చూసుకోవాలో ఇంత శ్రద్ధగా చెప్పిన కాగితంలో రోగి గురించి ఎన్ని మాటలున్నాయో వెతికాను. ఎన్ని నిమిషాలు పెట్టాలో లేదు. ఎన్ని రోజులో లేదు. ఎవరికి పెట్టకూడదో అసలే లేదు. తడి స్పాంజీ మాట మాత్రం నిజమైన అనుభవంలోంచి వచ్చింది. పొడి చర్మం కరెంటుకు బాగా అడ్డుపడుతుంది. తడిస్తే ఆ అడ్డు తగ్గి, ఒకే బిందువు దగ్గర చురుక్కుమనకుండా కరెంటు విశాలంగా పరుచుకుంటుంది. ఈ రోజుకీ ఫిజియోథెరపీలో ప్యాడ్ కింద తడిగుడ్డో జెల్లో అందుకే.

ఫిబ్రవరి చివర: విప్పడం

విప్పిన ప్రతి స్క్రూనూ అట్టముక్క మీద గీసిన బొమ్మలో, దాని చోట్లోనే గుచ్చి పెట్టాను. ఆ కాలపు స్క్రూలు ఒకదాని బదులు ఇంకొకటి పట్టవు.

బేరింగుల్లో పాత నూనె ముదిరి జిగురైంది. వైట్ స్పిరిట్‌లో ముంచిన పుల్లలతో కొంచెం కొంచెంగా లాగాను. ఇరుసు కొసలు అరిగాయి గానీ గుండ్రంగానే ఉన్నాయి. గడియారాలకు వేసే నూనె ఒక్కో చుక్క చాలు. ఇత్తడిని మెరిసేలా తోమలేదు. గొట్టాల మీద పట్టుకున్న చోట రంగు వేరుగా ఉంది, వేళ్ల దగ్గర నున్నగా అరిగింది. ఎన్ని చేతులు పట్టుకుంటే ఇత్తడి అలా అరుగుతుంది! దాన్ని పాలిష్ పేరుతో చెరిపేయడం నాకు నచ్చని పని. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, వెంటనే పొడిగుడ్డ. అంతే.

బెల్టుకు నార దారం తీసుకుని తేనెమైనం పట్టించాను. రెండు కొసల్నీ ముడి వేస్తే తిరిగేటప్పుడు టకటకా కొట్టుకుంటుంది. అందుకని పురులు విప్పి ఒకదాంట్లోకి ఒకటి అల్లి, సన్నదారంతో కుట్టాను. ఇప్పుడు చక్రం మీద జారకుండా, చప్పుడు లేకుండా పోతోంది.

మార్చి: తెగిన కాయిల్

మల్టీమీటర్ పెడితే ఒక కాయిల్ కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తోంది, రెండోది ఏమీ చూపించట్లేదు. తీగ ఎక్కడో తెగింది. కాయిల్ మొత్తం విప్పి మళ్లీ చుట్టడం చేతకాని పనేమీ కాదు. కానీ 150 ఏళ్ల కిందట ఎవరో వరస వరసగా చుట్టిన పట్టు తీగను విప్పేస్తే ఆ వస్తువు ఇక అది కాదు. తెగిన చోటు బయటే దొరుకుతుందేమోనని భూతద్దం పెట్టి ఓపిగ్గా చూశాను.

దొరికింది. కాయిల్ నుంచి ఇరుసు మీది ఇత్తడి రింగుకు వచ్చే కొస దగ్గర, పట్టు కింద పచ్చటి చిలుము. సూదిమొనతో పట్టును పక్కకు తీస్తే రాగి అక్కడ పొడిగా మారి ఉంది. చిలుము పట్టిన ముక్కను కత్తిరించి, మంచి రాగి కనిపించేదాకా గీకి, అదే మందం ఉన్న కొత్త తీగను మెలేసి, రోజిన్ ఫ్లక్స్‌తో మాట్లు వేశాను. యాసిడ్ ఫ్లక్స్ ఈ పనికి పనికిరాదు, నాలుగేళ్లకు మళ్లీ చిలుము తెస్తుంది. అతుకు మీద పట్టుదారం చుట్టాను. ఉన్న పట్టు రంగులో కాకుండా కాస్త తేడాగా కనిపించే రంగే ఎంచుకున్నాను. తర్వాత చూసేవాళ్లకు ఏది పాతదో ఏది నేను చేసిందో కనిపించాలి.

ఇన్సులేషన్ పరీక్షకు మా ఆసుపత్రి అలవాటు ప్రకారం 500 వోల్టులు ఇవ్వలేదు. ఆ పట్టు తట్టుకోలేదు. తక్కువ వోల్టేజీ నుంచి మెల్లగా పెంచుతూ చూశాను, ఫరవాలేదు.

మార్చి మధ్యలో: అయస్కాంతాన్ని ఏం చేయాలి

అయస్కాంత బలం చూపే గాస్‌మీటర్‌తో కొలిస్తే కొసల దగ్గర 50 మిల్లీటెస్లా అటూ ఇటూ. పాత కార్బన్ ఉక్కు అయస్కాంతాలు దెబ్బ తగిలినా, వేడెక్కినా, రెండు కొసల్నీ కలిపే ఇనుప ముక్క లేకుండా ఏళ్ల తరబడి ఉన్నా బలం పోగొట్టుకుంటాయి. దీన్ని మళ్లీ అయస్కాంతీకరించడం కష్టం కాదు. పెద్ద కాయిల్ చుట్టి ఒక్క క్షణం భారీ కరెంటు పంపితే కొత్తదానిలా అవుతుంది. పాత వస్తువులు సేకరించే మిత్రులొకరు అదే చేయమన్నారు.

వద్దనుకున్నాను. ఇప్పుడున్న బలం కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమే. పైగా పుట్టే వోల్టేజీ అయస్కాంతం బలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఇప్పటి కొలతలు చేతిలో ఉంటే కొత్తగా ఉన్నప్పుడు కనీసం ఇంత ఉండేదని చెప్పగలం. ఇనుప ముక్క ఒకటి కొలిచి కోసి కొసలకు తగిలించాను. వాడనప్పుడు అది అక్కడే ఉంటుంది.

ఏప్రిల్ మొదట్లో: లండన్

ఆఫీసు పని మీద లండన్ వెళ్లి రెండు చోట్లకు పోయాను. ఒకటి ఆల్బెమార్ల్ వీధిలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న విద్యుత్ ప్రేరణను చూసిన ఇనుప రింగు అక్కడ ఉంది. ఒక పక్క తీగలో కరెంటు మొదలైనప్పుడూ ఆగినప్పుడూ, రెండో పక్క తీగలో క్షణంపాటు కరెంటు వస్తోందని ఆయన గమనించాడు. మరుసటి ఏడాదే, 1832లో, పారిస్‌లో పిక్సీ అనే ఆయన అయస్కాంతాన్ని చేత్తో తిప్పే యంత్రం చేశాడు. సాక్స్‌టన్ అనే ఇంకొకాయన అయస్కాంతానికి బదులు కాయిల్స్‌ను తిప్పాడు. ఆయన యంత్రంలో కరెంటు పాదరసపు గిన్నెలోంచి వెళ్లేది. లండన్‌లో ఎడ్వర్డ్ క్లార్క్ ఆ పాదరసం తీసేసి లోహపు స్ప్రింగు పెట్టాడు. నా పెట్టెలో ఉన్నదీ స్ప్రింగే. పాదరసం పోయింది కాబట్టే ఈ యంత్రం పెట్టెలో పట్టి, ప్రయాణాల్లో ఒలకకుండా, ఇళ్లలోకి రాగలిగింది.

రెండోది సిటీ రోడ్‌లో జాన్ వెస్లీ ఉన్న ఇల్లు. మెథడిస్టు ఉద్యమం నడిపిన బోధకుడు. ఆయన వాడిన విద్యుత్ యంత్రం అక్కడ ఉంది. గాజు స్తంభాన్ని తిప్పి రాపిడితో విద్యుత్తు పుట్టించే రకం. డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని పేదలకు ఉచితంగా కరెంటు పెట్టించేవాడు, 1760లో దీని మీద పుస్తకం కూడా అచ్చువేశాడు. ఆ యంత్రం ముందు నిలబడితే మోసం అన్న మాట నోటికి రాలేదు. నమ్మి చేశాడు, డబ్బు తీసుకోకుండా చేశాడు.

అదే కాలంలో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గరికి పక్షవాతం వచ్చినవాళ్లను తీసుకొచ్చేవారు. 1757లో జాన్ ప్రింగిల్ అనే వైద్యుడికి రాసిన ఉత్తరంలో ఆయన చెప్పిన సంగతి ఈ పని చేస్తున్నంతకాలం నా మనసులో మెదులుతూనే ఉంది. మొదటి కొద్ది రోజులు చెయ్యి కదలిక కొంచెం మెరుగయ్యేదట, ఆ తర్వాత ఆగిపోయేదట. శాశ్వతమైన మేలు ఎవరిలోనూ చూడలేదని రాశాడు. ఆ కాస్త మెరుగు కూడా విద్యుత్తు వల్లనా, లేక రోజూ తన ఇంటిదాకా వచ్చే ప్రయాణపు వ్యాయామం వల్లనా, నయమవుతుందన్న ఆశతో వచ్చిన హుషారు వల్లనా అని అనుమానపడ్డాడు. విద్యుత్తు మీద అంత పేరు తెచ్చుకున్న మనిషి, తన విద్యుత్తే పనిచేసిందని చెప్పుకోగల అవకాశం ఉండీ, ఆ మాట అనలేదు. ఈ వైద్యం చరిత్రలో నాకు అందరికంటే గౌరవం కలిగింది ఆయన మీదే.

ఏప్రిల్: స్కోప్ మీద

యంత్రం తిరిగింది. గొట్టాల మధ్య మనిషికి బదులు 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, కరెంటు ఎగుడుదిగుళ్లను తెర మీద బొమ్మగా చూపే ఆసిలోస్కోప్ తగిలించి, హ్యాండిల్ తిప్పాను.

అయస్కాంతం ముందు కాయిల్ తిరుగుతుంది కదా, నున్నగా పైకీ కిందికీ పోయే అల వస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఇరుసుకు ఆనుకుని ఉండే ఆ స్ప్రింగును పూర్తిగా పక్కకు తప్పించి చూస్తే అలాగే వచ్చింది, వేగంగా తిప్పినా 15 వోల్టుల దరిదాపులే. అంత కరెంటుకు చెయ్యి పెద్దగా ఉలిక్కిపడదు. స్ప్రింగును దాని చోట పెట్టి తిప్పగానే తెర మీద బొమ్మ మొత్తం మారిపోయింది.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇరుసు మీద స్ప్రింగు ఆనే చోట ఒక పక్క చెక్కేసి ఉంటుంది. స్ప్రింగు నిండు భాగం మీద ఉన్నంతసేపూ కాయిల్ రెండు కొసలూ షార్ట్ అయి ఉంటాయి, కరెంటు కాయిల్‌లోనే తిరుగుతూ పెరుగుతుంది. రోగికి ఏమీ తెలియదు. కరెంటు బాగా పెరిగిన సమయానికి చెక్కిన భాగం స్ప్రింగు కిందికి వస్తుంది, షార్ట్ తెగిపోతుంది. ఇనుప కోర్ మీద చుట్టిన కాయిల్‌లో పారుతున్న కరెంటు ఉన్నపళంగా ఆగలేదు. దానికి మిగిలిన దారి రోగి శరీరం ఒక్కటే. ఆ దారిలోంచి వెళ్లడానికి ఎంత వోల్టేజీ కావాలో అంత పుడుతుంది. నా రెసిస్టర్ మీద 70, 80 వోల్టుల దాకా సన్నటి ముల్లు లేచింది. ఏ లోడూ లేకుండా, హై వోల్టేజీ ప్రోబ్‌తో చూస్తే 300 దాటింది. స్ప్రింగు దగ్గర చిన్న నీలి మెరుపు కనిపించింది. ముల్లు వెడల్పు మిల్లీసెకనులో సగం కూడా లేదు.

15 వోల్టుల యంత్రం నుంచి ఇంత షాక్ పుట్టించిన ఆ చెక్కుడు చూస్తుంటే దాన్ని చేసిన పనివాడికి దండం పెట్టాలనిపించింది. స్ప్రింగు వత్తిడి వెంట్రుకవాసి మారినా ముళ్ల ఎత్తు మారిపోతోంది. లేబుల్‌లో స్ప్రింగుకు నూనె వేయమని ప్రత్యేకంగా ఎందుకు రాశారో అప్పుడర్థమైంది. అది అరిగితే వైద్యమే లేదు.

పెట్టె చివరి గుండీ తిప్పితే లోపల ఇనుప పట్టీ అయస్కాంతం కొసలకు దగ్గరవుతుంది. అయస్కాంత బలం కాయిల్స్‌లోకి వెళ్లకుండా ఆ పట్టీలోంచి అడ్డదారిన పోతుంది. బాగా దగ్గరికి తెస్తే ముల్లు నాలుగో వంతుకు పడిపోయింది. ఎలక్ట్రానిక్స్ లేని రోజుల్లో వాల్యూమ్ కంట్రోల్!

ఇంకో సంగతి. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే ఇరుసు ఆరుసార్లు తిరుగుతుంది, ఇరుసు తిరిగిన ప్రతిసారీ రెండు ముళ్లు. నెమ్మదిగా తిప్పితే సెకనుకు ఆరేడు ముళ్లు. చురుగ్గా తిప్పితే 20 దాటతాయి. ఈ తేడా కండరానికి చాలా పెద్దది. విడివిడిగా వచ్చే ముళ్లకు కండరం విడివిడిగా అదురుతుంది. సెకనుకు 20 దాటి ఇంకా పైకి పోతుంటే, ఒక అదురు తగ్గేలోపే ఇంకోటి వచ్చి కలిసిపోయి కండరం బిగుసుకుపోతుంది. గొట్టం పట్టుకున్న వేళ్లు వదలమన్నా వదలవు. ‘షాక్ మెషీన్’ తిప్పి చుట్టాల్ని ఆటపట్టించేవాళ్లు వేగంగా తిప్పేది అందుకే.

1932లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హైమన్ ఆగిన గుండెను మళ్లీ కొట్టించడానికి చేసిన పరికరంలోనూ చేత్తో తిప్పి కీ ఇచ్చే స్ప్రింగు మోటారూ, దాంతో తిరిగే ఇలాంటి మాగ్నెటోనే, అంటే అయస్కాంతంతో కరెంటు పుట్టించే యంత్రమే. బరువు 7.2 కిలోలు, ఒకసారి కీ ఇస్తే ఆరు నిమిషాలు నడిచేది. ఆర్టిఫిషియల్ పేస్‌మేకర్ అన్న పేరు ఆయన పెట్టిందే. ఈ పెట్టెకూ, నేను రేపు పొద్దున సర్వీసు చేయబోయే పేస్‌మేకర్ టెస్టరుకూ మధ్య ఉన్నది ఒక మెట్టు.

ఏప్రిల్ చివర: పిన్ని ఫోను

ఈ పని మధ్యలో ఉండగానే తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసింది. పొద్దున లేచి పళ్లు తోముకుంటుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోయాయట, అద్దంలో చూస్తే మూతి వంకర పోయి ఉందట. డాక్టరు పక్షవాతం కాదని తేల్చి, ముఖం నరం వాచిందని చెప్పి ఆ రోజే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. అది మంచి పని. ఈ జబ్బును బెల్స్ పాల్సీ అంటారు, ఇందులో 72 గంటల్లోపు అవి మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. తర్వాత ఎవరో చెబితే ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్లి కరెంటు పెట్టించుకుంది.

“ఒరేయ్, కరెంటు పెడుతుంటే చెంప లాగుతోందిరా. తగ్గినట్టేనా?”

“తగ్గినట్టు కాదు పిన్నీ, అది పొట్టి ముళ్లలా వచ్చే కరెంటైతే నరం బతికే ఉండొచ్చని లెక్క. అది ఇంకా మంచి కబురు.”

ఆ జవాబు 19వ శతాబ్దం నుంచి వచ్చింది. డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రేరణ కరెంటుతో, తడి ఎలక్ట్రోడుల్ని సరిగ్గా ఒక్కో కండరం మీద పెట్టి, దాన్నొక్కదాన్నే కదిలించవచ్చని చూపించాడు. 1862లో అచ్చైన ఆయన పుస్తకంలోని ముఖాల ఫోటోలను డార్విన్ కూడా వాడుకున్నాడు. నవ్వులో కళ్ల చుట్టూ ఉన్న కండరం చేసే పని వివరించింది ఆయనే. తర్వాత 1868లో జర్మనీలో విల్హెల్మ్ ఎర్బ్ మరో అడుగు వేశాడు. నరం బాగుంటే, నా పెట్టెలో వచ్చేలాంటి పొట్టి ముళ్లకు కండరం కదులుతుంది. నరం చచ్చిపోతే కొన్నాళ్లకు పొట్టి ముళ్లకు పలకదు. బ్యాటరీ నుంచి వచ్చే పొడుగాటి కరెంటుకు మాత్రం సోమరిగా కదులుతుంది. దాంతో నరం తెగిందో, అలసి ఉందో డాక్టర్లు బయటినుంచే చెప్పగలిగారు. స్కానింగులు లేని రోజుల్లో ఎంత పెద్ద సాయం!

ఈ యంత్రాల కథంతా నాకు ఇక్కడే కుదురుకుంటోంది. కరెంటు కండరాన్ని కదిలిస్తుంది, ఇది నిజం. నా తెర మీద కనిపిస్తోంది, పిన్ని చెంపలో కనిపించింది. కదిలింది కాబట్టి జబ్బు తగ్గింది అన్నచోటే జనం దారి తప్పారు. లేబుల్ రాసినవాళ్లు ఆ దూకుడు దూకారు. పుల్వర్‌మాకర్ అనే ఆయన ఒంటికి కట్టుకునే బ్యాటరీ గొలుసులు అమ్మాడు. 1870లో చనిపోయే ముందు కొద్ది రోజులకు చార్లెస్ డికెన్స్ కూడా నొప్పి పెడుతున్న కాలికి అలాంటిదొకటి కావాలని ఉత్తరం రాశాడు. డ్యూషెన్, ఎర్బ్ మాత్రం ఏ కండరం, ఏ కరెంటుకు, ఎలా కదిలింది అని అడిగారు. వాళ్లు అడిగిన ప్రశ్న వల్లే ఇదే కరెంటు నరాల పరీక్షగా నిలబడింది.

ముఖానికి కరెంటు పెడితే బెల్స్ పాల్సీ త్వరగా తగ్గుతుందన్నదానికి గట్టి ఆధారం ఇప్పటికీ లేదు. చాలామందికి అది దానంతటదే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. పిన్నికి ఆ మాటే చెప్పాను. మాత్రలు మానొద్దనీ, ఆ పక్క కన్ను పూర్తిగా మూసుకోవట్లేదు కాబట్టి రాత్రిపూట కంటికి మందు వేసి టేపు పెట్టుకోవడం మరవొద్దనీ రెండుసార్లు చెప్పాను. ఈ జబ్బులో నిజంగా పాడయ్యే ప్రమాదం ఉన్నది కంటికే.

మే మొదట్లో: నా చెయ్యి

కొలతలన్నీ చేతికి వచ్చాక, శక్తి ఎంతో లెక్కవేసుకున్నాక, గుండీ పూర్తిగా తగ్గించి నా మీద పెట్టుకున్నాను. ఎలక్ట్రోడులు రెండూ ఒకే ముంజేతి మీద, తడి స్పాంజీలతో. రెండు చేతులతో పట్టుకుంటే కరెంటు ఛాతీలోంచి పోతుంది, ఆ పని చేయలేదు. మా ఆవిడ హ్యాండిల్ తిప్పింది. ఇలాంటి పెట్టె మీకు దొరికితే కొలవకుండా ఒంటికి తగిలించుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దరిదాపుల్లోకి రావద్దు.

నెమ్మదిగా తిప్పుతుంటే చర్మం మీద సూదులతో తట్టినట్టు. స్పాంజీని ముంజేతి వెనకభాగం మీద అంగుళం పక్కకు జరపగానే ఉంగరం వేలు ఒక్కటే పైకి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. ఇంకాస్త జరిపితే చూపుడు వేలు. “కొంచెం జోరుగా తిప్పు” అన్నాను. అదురు ఆగి, మణికట్టు వెనక్కి వంగి అలాగే నిలబడిపోయింది. నా చెయ్యి నా మాట వినని ఆ రెండు క్షణాలు చాలా విచిత్రంగా ఉన్నాయి. నొప్పి లేదు. కానీ, ఏళ్ల తరబడి కదలని చెయ్యి ఇలా కదలడం చూసిన మనిషికి ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఒక్కసారిగా తెలిసింది. పక్షవాతం రోగి నరాలు, కండరాలు చాలాసార్లు బాగానే ఉంటాయి, దెబ్బ తగిలింది మెదడుకు. అందుకే కరెంటు పెడితే ఆ చెయ్యి చక్కగా కదులుతుంది. కరెంటు తీస్తే మళ్లీ పడిపోతుంది. ఆ కదలికను కళ్లారా చూసిన ఇంట్లోవాళ్లకు ఇది పనిచేయదని చెప్పడం ఎవరి తరం?

లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో 1836 నుంచి విద్యుత్ వైద్యానికి ప్రత్యేకంగా గది ఉండేది, యువ వైద్యుడు గోల్డింగ్ బర్డ్ దాన్ని నడిపాడు. ఎవరికి పనిచేసిందో, ఎవరికి చేయలేదో కేసులు రాసి ప్రచురించాడు. అలాంటి గదులు ఇంకా కొన్ని ఉండి, అంతే ఓపిగ్గా లెక్కలు రాసి ఉంటే ఈ వైద్యానికి అంత చెడ్డపేరు వచ్చేది కాదని నా నమ్మకం. అమెరికాలో 1906 నాటి ఆహార, మందుల చట్టం పరికరాల జోలికే పోలేదు. 1938 చట్టంతో గానీ అవి దాని కిందికి రాలేదు. అన్నేళ్లపాటు పెట్టె మీద ఏం అచ్చువేసుకున్నా ఆ చట్టం అడ్డుపడలేదు.

మే చివర: ఎక్కడిదాకా వచ్చింది

చెక్కకు లక్క పాలిష్ పోయిన చోట్ల మాత్రం పల్చగా పూశాను, మిగతాది మైనంతో తుడిచాను. తెగిపోయే పాత తీగల్ని విడిగా కవరులో పెట్టి, వాడకానికి గుడ్డ తొడుగున్న కొత్త తీగలు వేశాను. కొలతల పట్టిక, ఏ భాగం నాది ఏది పాతది అన్న వివరం, స్కోప్ ఫోటోలు ఒక పేజీలో అచ్చుతీసి పెట్టె అడుగున ఉంచాను.

స్ప్రింగు కొసన అరుగుదల ఇంకా కొంచెం ఇబ్బంది పెడుతోంది. వేగంగా తిప్పినప్పుడు అప్పుడప్పుడు ఒక ముల్లు తప్పిపోతోంది. దాన్ని వంచి సరిచేయాలా, అదే మందం ఇత్తడి రేకుతో ఇంకోటి చేసి పాతదాన్ని భద్రపరచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. రెండోదాని వైపే మొగ్గుతున్నాను. తర్వాత బెంచీ మీదికి డు బోయిస్ రేమండ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పద్ధతిలో చేసిన స్లెడ్జ్ కాయిల్ ఒకటి వస్తోంది. ఒక కాయిల్‌ను ఇంకోదానిమీదికి జరుపుతూ బలం మార్చే రకం, బ్యాటరీతో నడుస్తుంది. దాన్నీ ఇదే 2 కిలో ఓమ్‌ల మీద కొలిచి, రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెడతాను.